ప్లేటులో చచ్చిన క్యాన్సర్ కణం, పోపులపెట్టెలో పసుపు

క్లుప్తంగా: మసాలా దినుసుల్లోని పదార్థాలు ల్యాబ్‌లో క్యాన్సర్ కణాల్ని చంపుతాయన్న మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ ప్రయోగం అడిగే ప్రశ్న చాలా చిన్నది: ఇంత మోతాదు నేరుగా కణాల మీద పోస్తే అవి బతుకుతాయా, చస్తాయా? నోటితో తిన్నదాంట్లో ఎంత రక్తంలోకి చేరుతుంది, చేరింది కణితి దాకా పోతుందా, పోతే పేషెంటుకి మేలు జరుగుతుందా అన్నవి వేరే ప్రశ్నలు. వాటికి ఇప్పటిదాకా వచ్చిన జవాబులు వార్తల హెడ్డింగులంత హుషారుగా లేవు. కూరలో వేసే పసుపు వేరు, డబ్బాలో అమ్మే గాఢమైన క్యాప్సూల్ వేరు.

ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తెలిసిందంటే చాలు, ఎంఎన్‌జేలో చూపిస్తున్నా బసవతారకంలో చూపిస్తున్నా, బంధువుల్లో ఒకరైనా ఫోన్ చేసి ‘రోజూ పసుపు పాలు ఇస్తున్నారా వదినా’ అని అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు, ప్రేమతోనే అడుగుతారు. ఆ వెనకే వాట్సాప్‌లో ఒక లింకు వస్తుంది, ‘శాస్త్రవేత్తలు నిరూపించారు’ అని.

2024లో ఈ చర్చ రెండుసార్లు గట్టిగా లేచింది. ఫిబ్రవరిలో ఐఐటీ మద్రాస్ పరిశోధకులు భారతీయ మసాలా దినుసులతో తయారుచేసిన నానో మందులకి పేటెంట్ వచ్చిందని, అవి 2028కల్లా మార్కెట్లోకి రావచ్చని వార్త వచ్చింది. నవంబర్‌లో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ తన భార్య నాలుగో స్టేజీ క్యాన్సర్ నుంచి బయటపడటంలో పసుపు, వేప, నిమ్మ లాంటి వాటితో కూడిన ఆహార నియమానిది పెద్ద పాత్ర అన్నారు. ఆవిడ సర్జరీ, కీమో కూడా చేయించుకున్నారన్న సంగతి షేర్ల ప్రవాహంలో ఎక్కడో కొట్టుకుపోయింది. ముంబయి టాటా మెమోరియల్‌కి చెందిన 262 మంది ఆంకాలజిస్టులు సంతకాలు చేసి, ఇలాంటి మాటలు నమ్మి చికిత్స వాయిదా వేసుకోవద్దని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

ఈ రెండు వార్తలూ ఒక్కటి కావు. ఒకటి ల్యాబ్ పని, ఇంకోటి ఒక కుటుంబం అనుభవం. చదివేవాళ్ల బుర్రలో మాత్రం రెండూ కలిసిపోయి ‘పసుపు క్యాన్సర్‌ని తగ్గిస్తుంది’ అన్న ఒకే వాక్యంగా మిగిలాయి.

96 గుంటల ప్లేటులో జరిగేది

హైదరాబాద్‌లో ఇలాంటి పరీక్షలు చేయగల ల్యాబులకు కొదవ లేదు. తార్నాక, హబ్సిగూడ చుట్టుపక్కలే ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ), ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి కేంద్ర పరిశోధన సంస్థలు ఉన్నాయి, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, శామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీ. ప్రపంచంలో ఎక్కడ చేసినా మొదటి మెట్టు పరీక్ష ఇంచుమించు ఒకటే, దాని పేరు ఎంటీటీ. 1983 నుంచి వాడుకలో ఉంది.

అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ప్లేటు, అందులో 96 గుంటలు, ఒక్కో గుంటలో బఠాణీ గింజ పట్టీపట్టనంత చోటు. ఒక్కో దాంట్లో ఐదు నుంచి పది వేల క్యాన్సర్ కణాలు, వాటికి తిండిగా రెండు మూడు చుక్కల గులాబీ రంగు ద్రవం. ప్లేటుని 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఒక రోజు ఉంచితే కణాలు అడుగున అతుక్కుంటాయి. అప్పుడు పరీక్షించాల్సిన పదార్థం పోస్తారు. పసుపులోని కర్క్యుమిన్ నీళ్లలో కరగదు కాబట్టి ముందు డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి, ఒక వరసలో 1 మైక్రోమోలార్ (ద్రవంలో పదార్థం ఎంత గాఢంగా ఉందో చెప్పే కొలత), తర్వాత దాంట్లో 5, 10, 25, 50, ఇలా మోతాదు పెంచుకుంటూ పోతారు. ఒకటి రెండు రోజులు ఆగి ఎంటీటీ అనే పసుపుపచ్చ రసాయనం కలుపుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదారంగు స్ఫటికాలుగా మారుస్తాయి, చచ్చినవి మార్చవు. మూడు నాలుగు గంటల తర్వాత చూస్తే ప్లేటుకి ఒక పక్క వంకాయ రంగు, ఇంకో పక్కకి పోయేకొద్దీ వెలిసిపోయిన రంగు. మిషన్ ఆ రంగు చిక్కదనాన్ని కొలిచి అంకెలిస్తుంది. సగం కణాలు పనిచేయకుండా పోవడానికి ఎంత మోతాదు పట్టిందో, అదే పేపర్లలో కనిపించే ఐసీ50.

ఇంతే. ‘క్యాన్సర్ కణాలను నాశనం చేసింది’ అన్న వార్తల్లో చాలావాటి మూలం ఈ రంగు మార్పు. దీన్ని తక్కువ చేయనక్కర్లేదు, మందుల వేట మొదలయ్యేది ఇలాంటి చోటే. అయితే ఆ గుంటలో ఉప్పు ఎక్కువేసినా కణాలు చస్తాయి, సబ్బునీళ్లు పోసినా చస్తాయి, ఆ మాటకొస్తే కర్క్యుమిన్‌ని కరిగించిన డీఎంఎస్ఓ కాస్త ఎక్కువైనా చస్తాయి. అందుకే మంచి ల్యాబులు ఒట్టి డీఎంఎస్ఓ పోసిన గుంటల్ని పక్కన పెట్టుకుని పోల్చుకుంటాయి, ఆరోగ్యవంతమైన కణాల మీద కూడా అదే మోతాదు పోసి చూస్తాయి. ఈ రెండూ లేని పేపర్ దొరికితే దాన్ని అక్కడే పక్కన పెట్టేయొచ్చు.

ఇంకో చిక్కు ఉంది. ప్లేటులో పెరిగే కణాలు మనిషిలో ఉన్న కణితి లాంటివి కావు. ల్యాబుల్లో విరివిగా వాడే హీలా కణాలు 1951లో హెన్రియెటా ల్యాక్స్ అనే అమెరికా మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసినవి, అప్పట్నుంచీ సీసాల్లో పెరుగుతూనే ఉన్నాయి. ప్లేటు అడుగున ఒకే పొరగా, అడిగినంత తిండి, అడిగినంత గాలి అందుతూ బతుకుతాయి. శరీరంలో కణితి ముద్దలా ఉంటుంది, లోపలి భాగానికి రక్తమే సరిగ్గా అందదు, చుట్టూ మామూలు కణాలు, రోగనిరోధక కణాలు, పీచులాంటి గోడలు. పోసిన మందు ప్లేటులో ప్రతి కణాన్నీ తాకుతుంది, కణితిలో అలా తాకే వీలే లేదు.

పరీక్షనే తికమక పెట్టే పదార్థం

కర్క్యుమిన్ విషయంలో ఇంకా మొండి సమస్య ఒకటుంది, దీని గురించి బయట పెద్దగా మాట్లాడరు. రసాయన శాస్త్రవేత్తలు కొన్ని పదార్థాలను ‘పెయిన్స్’ అనే జాబితాలో పెడతారు. ఏ పరీక్షలో పెట్టినా పనిచేసినట్టు కనిపించేవి, నిజంగా పనిచేసి కాదు, పరీక్షనే గందరగోళపరచి. కర్క్యుమిన్ కనబడిన ప్రోటీన్‌కల్లా అతుక్కుంటుంది. దానంతట అదే వెలుగు చిమ్ముతుంది కాబట్టి వెలుగుని కొలిచే పరీక్షల్లో లెక్క తప్పుతుంది. ఇలాంటి ఫినాల్ జాతి పదార్థాలు కణాలు లేకపోయినా ఎంటీటీని ఊదారంగులోకి మార్చగలవు, అంటే చచ్చిన కణం కూడా బతికున్నట్టు కనబడొచ్చు. మోసం రెండు వైపులా.

పైగా నిలవదు. శరీరంలో ఉండే పీహెచ్ దగ్గర, 37 డిగ్రీల వేడిలో, సీరం (రక్తంలోంచి కణాలు తీసేశాక మిగిలే ద్రవం) కలపని ద్రావణంలో అరగంటలో 90 శాతం దాకా విరిగిపోతుందని 1997లోనే కొలిచారు. సీరం ఉంటే ఇంకొంత సేపు నిలుస్తుంది. మరి 48 గంటల ప్రయోగంలో కణాల్ని చంపింది కర్క్యుమినా, అది విరిగాక వచ్చిన ముక్కలా? చాలా పేపర్లు ఈ ప్రశ్న వేసుకోనే లేదు.

2017లో ఔషధ రసాయన శాస్త్ర పత్రికలో వచ్చిన ఒక సమీక్ష ఈ పరిశోధనలన్నింటినీ వరసపెట్టి చూసి, 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా డమ్మీ మాత్రతో పోల్చి పకడ్బందీగా చేసినవాటిలో కర్క్యుమిన్ గెలిచింది ఒక్కటీ లేదని తేల్చింది. మసాలా పరిశోధనల మీద వచ్చిన వాటిలో ఇంత సూటిగా రాసింది మరోటి కనబడదు.

పావు కిలో పసుపు లెక్క

అసలు పేచీ అంతా మోతాదు దగ్గరే. ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు.

ప్లేటులో చాలా రకాల క్యాన్సర్ కణాలకి కర్క్యుమిన్ ఐసీ50 సుమారు 10 నుంచి 50 మైక్రోమోలార్ మధ్య వస్తుంది. 20 అనుకుందాం. అంటే లీటరుకి 7 మిల్లీగ్రాముల పైచిలుకు. మరి రక్తంలో ఎంత వస్తుంది? 2001లో తైవాన్‌లో రోజుకి 8 గ్రాముల శుద్ధ కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే రక్తంలో గరిష్ఠంగా సగటున 1.77 మైక్రోమోలార్ కనిపించింది. ఇది మెరుగైన ఫలితాల్లో ఒకటి. 2008లో అమెరికాలో క్లోమ క్యాన్సర్ పేషెంట్లకి అదే 8 గ్రాములు ఇస్తే అంతకన్నా ఎన్నో రెట్లు తక్కువ తేలింది. కారణం కష్టమైనదేం కాదు: కర్క్యుమిన్ పేగుల్లోంచి సరిగ్గా లోపలికి పోదు, పోయిన కాస్తనీ పేగుగోడ, లివర్ కలిసి వెంటనే మార్చేసి బయటికి పంపేస్తాయి.

ఇప్పుడు పోపులపెట్టె వైపు వద్దాం. పసుపులో కర్క్యుమిన్ రకాన్ని బట్టి 2 నుంచి 5 శాతం, మేఘాలయ లకడాంగ్ రకంలో అయితే 7 శాతం పైనే. బేగంబజార్‌లో బస్తాలెత్తి పోసిన కొమ్ములు కొన్నా, నిజామాబాద్ నుంచి తెప్పించుకుని మర పట్టించినా 3 శాతం అనుకుంటే, ఆ ట్రయల్స్‌లో ఇచ్చిన 8 గ్రాముల కర్క్యుమిన్ కోసం రోజుకి పావు కిలో పైనే పసుపు తినాలి. మన ఇళ్లలో మనిషికి రోజుకి పడేది రెండు మూడు గ్రాములు. పావు కిలో తిన్నా రక్తంలో వచ్చేది ప్లేటులో పోసినదాంట్లో పదో వంతు లోపే.

మిగతా దినుసుల కథా ఇంచుమించు ఇదే. లవంగంలో యూజినాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్, అల్లంలో జింజెరాల్, మిరపలో క్యాప్సైసిన్, అన్నీ ప్లేటులో కణాల్ని ఆపుతాయి, అన్నిటికీ మోతాదు దగ్గరే బండి ఆగుతుంది. క్యాప్సైసిన్‌కైతే చాలా ప్రయోగాల్లో 100 మైక్రోమోలార్ దాటితే గానీ ప్రభావం కనబడలేదు. గుంటూరు కారం రోజూ తినేవాళ్ల రక్తంలో కూడా అంత ఉండదు, ఉంటే మనిషి నిలబడలేడు.

మరి మిరియాలు కలిపితే?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, వచ్చే ఆధారం కూడా గట్టిదే. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ బృందం 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే శరీరానికి అందేది 2000 శాతం పెరిగిందని చూపింది. డబ్బాల మీద ఇప్పటికీ అచ్చువేసే అంకె అదే. అయితే దేని మీద 2000 శాతం? విడిగా ఇచ్చినప్పుడు రక్తంలో దాదాపు కనబడనంత ఉన్నదాని మీద. అణాకి ఇరవై రెట్లు కలిపినా ఇల్లు కొనలేం కదా.

ఆ పెరుగుదల ఎలా వస్తుందన్నది ఇంకా ముఖ్యం. పైపరిన్ చేసేది లివర్‌లో, పేగుల్లో మందుల్ని విరిచే ఎంజైములకు అడ్డుపడటం. వాటిలో సైప్ 3ఏ4 అనే ఎంజైము ఒకటి, చాలా కీమో మందుల్ని కూడా విరిచేది అదే. గేటు దగ్గర వాచ్‌మన్‌ని పడుకోబెడితే లోపలికి వచ్చేది చుట్టాలొక్కరే కాదు, అందరూ వస్తారు.

బిళ్ల గన్నేరు నడిచిన దారి

మొక్కల్లోంచి క్యాన్సర్ మందు రాదని అనుకుంటే పొరపాటు. వచ్చాయి, వాటిలో ఒకటి మన బాల్కనీ కుండీల్లోనే పూస్తోంది.

బిళ్ల గన్నేరు ఆకు షుగర్‌కి మంచిదని మన దగ్గర నమ్ముతారు, జమైకాలోనూ నమ్మేవారు. 1950ల్లో అక్కణ్నుంచి వచ్చిన ఆకుల్ని కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ షుగర్ కోసమే పరీక్షించారు. ఎలుకల్లో షుగర్ తగ్గలేదు గానీ తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ పక్కదారి పట్టుకుని వెళ్తే విన్‌బ్లాస్టిన్ దొరికింది, అమెరికాలో విన్‌క్రిస్టిన్ దొరికింది. 1963 నుంచి విన్‌క్రిస్టిన్ వాడుకలో ఉంది, పిల్లల్లో వచ్చే బ్లడ్ క్యాన్సర్ చికిత్సలో ఈ రోజుకీ తప్పనిసరి మందు.

దీన్నీ కర్క్యుమిన్‌నీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. విన్‌క్రిస్టిన్ ప్లేటులో కణాల్ని ఆపడానికి నానోమోలార్లు చాలు, అంటే కర్క్యుమిన్‌కి పట్టే మోతాదులో వెయ్యో వంతు. అది చేసే పనీ తేటగా తెలుసు: కణం రెండుగా చీలేటప్పుడు లోపల ఏర్పడే దారాల్ని కట్టుకోనివ్వదు. కర్క్యుమిన్ మాత్రం యాభై చోట్ల కొద్దికొద్దిగా చెయ్యి పెడుతుంది. విన్‌క్రిస్టిన్‌ని ఆకు నమిలి తీసుకోరు. నరంలోకి ఎక్కిస్తారు, పెద్దవాళ్లకి కూడా సాధారణంగా ఒక విడతకి 2 మిల్లీగ్రాములు దాటరు, పొరపాటున వెన్నులోకి ఎక్కితే ప్రాణం పోతుంది. ఆ కాస్త మందు తీయడానికి ఆకులు టన్నుల లెక్కన కావాలి. అంతేగానీ ‘బిళ్ల గన్నేరులో క్యాన్సర్ మందు ఉంది’ కాబట్టి కుండీలోని ఆకులు కషాయం కాచుకుంటే ఒరిగేదేమీ ఉండదు, విషం తప్ప.

మసాలాల్లోంచి అసలు మందే రాలేదా అంటే, క్యాప్సైసిన్ వచ్చింది. 8 శాతం గాఢతతో చర్మం మీద అతికించే పట్టీకి 2009లో అమెరికా అనుమతి ఇచ్చింది. క్యాన్సర్‌కి కాదు, అక్కి (షింగిల్స్) తగ్గాక మిగిలే నరాల మంటకి. మిరప మంటని గుర్తించే ద్వారం ఏదో 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ కూడా వచ్చింది.

మనుషుల మీద తేలినవి

ఒకే బృందం చేసిన రెండు ప్రయోగాలు చూస్తే చాలు. పెద్దపేగులో వందల కొద్దీ పిలకలు (పాలిప్స్) పుట్టే వంశపారంపర్య జబ్బు ఒకటుంది, వదిలేస్తే క్యాన్సర్ ఖాయం. 2006లో ఐదుగురు పేషెంట్లకి కర్క్యుమిన్‌తో పాటు ఉల్లిపాయల్లో ఉండే క్వెర్సిటిన్ కలిపి ఆరు నెలలు ఇస్తే పిలకల సంఖ్య 60 శాతం తగ్గిందని రాశారు. పోల్చడానికి డమ్మీ మాత్ర లేదు. 2018లో అదే పరిశోధకురాలి బృందం ఈసారి కర్క్యుమిన్ ఒక్కదాన్నే, 44 మందితో, సగం మందికి డమ్మీ మాత్రలిచ్చి, రోజుకి 3 గ్రాముల చొప్పున ఏడాది పాటు చూసింది. తేడా లేదు. కర్క్యుమిన్ నేరుగా తగిలే అవకాశం ఉన్న పెద్దపేగులోనే ఇలా అయితే రొమ్ములోనో ఊపిరితిత్తుల్లోనో ఆశ పెట్టుకోవడం ఇంకా కష్టం.

పైన చెప్పిన 2008 నాటి క్లోమ క్యాన్సర్ ట్రయల్‌లో 21 మందిని లెక్కలోకి తీసుకుంటే ఒకరిలో జబ్బు ఏడాదిన్నర పైగా పెరగకుండా ఆగింది, ఇంకొకరిలో కణితి కొద్దికాలం బాగా తగ్గి మళ్లీ పెరిగింది. కొట్టిపారేయదగ్గది కాదు, సంబరపడదగ్గదీ కాదు.

నోటి దారి వదిలి నరంలోకి ఎక్కిస్తే? ఆర్మేనియాలో 150 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్లతో 2020లో వచ్చిన ట్రయల్‌లో పాక్లిటాక్సెల్ అనే కీమో మందుతో పాటు వారానికోసారి కర్క్యుమిన్ ఎక్కిస్తే కణితి తగ్గినవాళ్లు సగం మంది, కర్క్యుమిన్ ఎక్కించనివాళ్లలో మూడో వంతు. ఆసక్తికరమే, ఇంకెక్కడైనా మళ్లీ తేలితే అప్పుడు బరువు పెరుగుతుంది. మరోవైపు 2017లో అమెరికాలో ఆసుపత్రి బయట ఇలాంటి కర్క్యుమిన్ ఇంజెక్షన్ తీసుకున్న ఒక మహిళ చనిపోవడంతో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది.

అన్నిటికన్నా నమ్మకంగా చెప్పగలిగింది అల్లం గురించి, అదీ క్యాన్సర్‌ని కాదు, కీమో తర్వాతి వికారాన్ని తగ్గించడంలో. 576 మంది మీద చేసిన ట్రయల్‌లో రోజుకి అర నుంచి ఒక గ్రాము అల్లం, వికారం మందులతో పాటే ఇస్తే మొదటి రోజు వికారం తగ్గింది.

హైదరాబాద్ వాటా

ఈ చర్చలో మన ఊరు కొత్తగా దూరిందేం కాదు. 1992లో ఎన్‌ఐఎన్ శాస్త్రవేత్తలు చాలాకాలంగా సిగరెట్ తాగుతున్న 16 మందికి రోజుకి 1.5 గ్రాముల పసుపు నెల రోజులిచ్చి, వాళ్ల మూత్రంలో జన్యువుల్ని దెబ్బతీసే పదార్థాలు తగ్గాయని ప్రచురించారు. ఈ ప్రయోగంలో రెండు మంచి లక్షణాలున్నాయి: వాడింది వంటింటి మోతాదు, పరీక్షించింది మనుషుల్లో. అయితే కొలిచింది మూత్రంలోని ఒక సూచికని, క్యాన్సర్ రావడం తగ్గిందా అన్నది కాదు. దానికి వేలమందిని ఏళ్ల తరబడి చూడాలి.

ఇంకో వాదన తరచుగా వినబడుతుంది, పసుపు తినబట్టే ఇండియాలో క్యాన్సర్లు తక్కువ అని. దేశవ్యాప్త క్యాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు అందరికన్నా ఎక్కువ ఉన్నది హైదరాబాద్ జిల్లాలోనే, లక్ష మంది మహిళలకి 48. చెన్నై దాని తర్వాత. ఇక్కడి కూరల్లో పసుపు, కారం తక్కువయ్యాయని ఎవరూ అనలేరు. లావెక్కడం, ఆలస్యంగా పిల్లలు, పరీక్షలు ఎక్కువగా జరగడం లాంటి కారణాలు చాలా ఉంటాయి కాబట్టి ఈ అంకె పసుపు పనిచేయదని నిరూపించదు. పనిచేస్తోందని కూడా చూపించదు.

పేపర్లు ఎందుకు ఆగవు

ఖర్చు తక్కువ కాబట్టి. కణాలు, ఎంటీటీ, బేగంబజార్ నుంచి తెచ్చిన వంద గ్రాముల దినుసు ఉంటే ఎమ్మెస్సీ ప్రాజెక్టు మూడు నెలల్లో అయిపోతుంది, ఏదో ఒక అంకె తప్పకుండా వస్తుంది. ఎలుకల దాకా వెళ్లాలంటే ఎథిక్స్ అనుమతి, డబ్బు, ఏళ్లు కావాలి. మనుషుల దాకా వెళ్లాలంటే కోట్లు కావాలి. సహజ పదార్థానికి ఉన్నదున్నట్టు పేటెంట్ దొరకదు, కంపెనీలు ముందుకు రావు. దాంతో అందరూ మొదటి మెట్టు మీదే నిలబడి ఫొటో దిగుతారు. అమెరికాలో కర్క్యుమిన్ మీద పేరు మోసిన ఒక పరిశోధకుడి పేపర్లు పాతికకు పైగా, చిత్రాల్లో తేడాలు బయటపడి, పత్రికలు వెనక్కి తీసుకున్నాయి. వాటిని ఆధారం చేసుకుని రాసిన పేపర్లు మాత్రం అలాగే తిరుగుతున్నాయి.

పేటెంట్ అన్న మాట వినగానే రుజువైందనుకోవడం ఇంకో పొరపాటు. పేటెంట్ ఆఫీసు చూసేది ఆ పద్ధతి కొత్తదా, పనికొచ్చే అవకాశం ఉందా అని, మందు జబ్బు తగ్గించిందా అని కాదు. పుండ్లకి పసుపు పెట్టడం మీద 1995లో అమెరికా ఒక యూనివర్సిటీకి పేటెంట్ ఇచ్చేసింది, అది మా అమ్మమ్మల వైద్యమని మన కేంద్ర శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి పోరాడితే 1997లో రద్దయింది. ఐఐటీ మద్రాస్ ప్రయత్నం అసలు చిక్కుని సరిగ్గానే పట్టుకుంది. పదార్థం కణాల దాకా చేరడం లేదన్నదే సమస్య కాబట్టి దాన్ని నానో చుక్కల్లో చుట్టి పంపాలన్నది వాళ్ల ఆలోచన. ఇంట గెలిచారు, రచ్చ గెలవాలంటే మనుషుల మీద ట్రయల్స్ పూర్తవ్వాలి.

క్యాప్సూల్ డబ్బా సంగతి

కూరలో పసుపు, చారులో మిరియాలు, గ్లాసు పసుపు పాలు, వీటి మోతాదు తక్కువ. మామూలుగా వీటితో ఇబ్బంది రాదు. డబ్బాల్లో వచ్చేది వేరే సరుకు. ఒక్క క్యాప్సూల్‌లో 500 మిల్లీగ్రాములు ఉంటే, అందులో 95 శాతం కర్క్యుమినాయిడ్లే (కర్క్యుమిన్, దాని జాతి పదార్థాలు) అయితే, అది పదిహేను గ్రాముల దాకా పసుపుతో సమానం, పైన పైపరిన్ కొసరు. అమెరికాలో లివర్ దెబ్బతిన్న కేసుల్ని ఏళ్ల తరబడి నమోదు చేసే నెట్‌వర్క్ ఒకటి పసుపు సప్లిమెంట్లతో ముడిపడిన పది కేసుల్ని 2022లో ప్రచురించింది, పరీక్షించిన ఏడు ఉత్పత్తుల్లో మూడింట్లో పైపరిన్ ఉన్నట్టు తేలింది. 2002లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలోనైతే కర్క్యుమిన్ కలిపిన తిండి పెట్టినప్పుడు సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు కణితిని తగ్గించలేకపోయింది. మనుషుల్లోనూ అంతే అవుతుందని దీంతో తేలదు, కానీ కీమో నడుస్తున్నప్పుడు తెలియకుండా ఆడాల్సిన ఆట కాదు.

చిక్కల్లా, చాలామంది ఈ డబ్బాల్ని మందుల లెక్కలో వేయరు. డాక్టర్ ‘ఇంకేమైనా వాడుతున్నారా’ అంటే ‘ఏం లేదు సార్’ అంటారు, ఎందుకంటే అది పసుపే కదా. తర్వాత లివర్ పరీక్షలో అంకెలు పెరిగితే కీమో మందునే అనుమానించి మోతాదు తగ్గిస్తారు, లేదా వచ్చే విడత వాయిదా వేస్తారు. ఓపీకి వెళ్లేటప్పుడు ఫైలు, స్కాన్ కవరుతో పాటు ఆ డబ్బా కూడా సంచిలో వేసుకెళ్లి, లేబుల్ డాక్టర్‌కి చూపిస్తే రెండు నిమిషాల పని.